తనిఖీ ఖాయమైతే చాలు: రోడ్డు నియమాలు, మత్తుపదార్థాల కట్టడిలో పోలీసు సేవపై ఒక సమీక్ష

నచ్చకపోతే మార్చుకునే వీలు లేని సేవలు కొన్ని ఉంటాయి. చట్టాన్ని అమలుచేసే పోలీసు వ్యవస్థ వాటిలో ముందు వరుసలో ఉంటుంది. దానికి పన్నుల రూపంలో డబ్బు కడతాం, దాని ఆదేశాలకు లోబడతాం, అది సరిగా పనిచేయకపోతే నష్టపోయేదీ మనమే. అయినా ఒక వస్తువును కొనేముందు చూసినంత శ్రద్ధగా ఆ సేవ పనితీరును పరిశీలించే అలవాటు మనకు తక్కువ. ఈ సమీక్షలో ఆ సేవకు చెందిన రెండు విభాగాలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒకటి రోడ్డు నియమాలను పాటింపజేయడం, రెండోది మత్తుపదార్థాల కట్టడి. రెండూ ఒకే యూనిఫాం కింద నడుస్తాయి, చాలాచోట్ల ఒకే సిబ్బంది రెండు పనులూ చేస్తారు. కానీ శిక్ష ఎంత పెద్దదైతే జనం అంతగా భయపడతారన్న నమ్మకాన్ని రోడ్డు విభాగం అనుభవం మీద చాలావరకు వదులుకుంది. మత్తుపదార్థాల విభాగం మాత్రం దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుని ఉంది. పట్టుబడటం ఖాయమని తెలిసినప్పుడు చిన్న శిక్ష కూడా మనిషి నడతను మారుస్తుందని, దొరకనన్న ధీమా ఉన్నప్పుడు ఎంత కఠినమైన శిక్షా మార్చలేదని ఈ రెండు విభాగాల చరిత్ర చూశాక నాకు కలిగిన అభిప్రాయం.

దేనితో కొలుస్తున్నానో కూడా ముందే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో దాదాపు 11 లక్షల 90 వేల మంది చనిపోయారు. 5 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువారి మరణాలకు ఇదే మొదటి కారణం. ఇంత నష్టం కళ్లముందు ఉండగా రాసిన చలానాల సంఖ్యనో, పెట్టిన కేసుల సంఖ్యనో, పట్టుకున్న సరుకు బరువునో చూసి పనితనాన్ని మెచ్చుకోలేను. ఎన్ని ప్రాణాలు నిలిచాయి, ఎంతమంది వ్యసనం నుంచి బయటపడ్డారు, ఆ క్రమంలో ఏ పాపం తెలియనివారికి ఎంత హాని జరిగింది, ఆ సేవ మీద జనం నమ్మకం పెరిగిందా తరిగిందా అన్నవే ఇక్కడి కొలతలు.

ఈ సేవలో అన్నిటికంటే మెరుగ్గా పనిచేసే భాగంతో మొదలుపెడతాను. అది తాగి బండి నడిపేవారిని గుర్తించే శ్వాస పరీక్ష. బ్రిటన్‌లో 1967 అక్టోబరు 9న అమల్లోకి వచ్చిన చట్టం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే నేరమని తేల్చి చెప్పి, పోలీసుల చేతికి శ్వాస పరీక్ష పరికరాన్ని ఇచ్చింది. దాని గురించి దేశమంతా విపరీతంగా చర్చ జరగడంతో, తాగి బయలుదేరితే దొరికిపోవడం ఖాయమని జనం నమ్మారు. వారాంతపు రాత్రుల్లో చావులు, గాయాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. అయితే ప్రమాదమో, నియమాల ఉల్లంఘనో, తాగారన్న అనుమానమో ఉంటే తప్ప పరీక్షించే అధికారం పోలీసులకు లేదని, వాస్తవంగా పరీక్ష ఎదుర్కొనేవారు చాలా కొద్దిమందేనని కొన్నేళ్లలోనే అందరికీ తెలిసిపోయింది. శిక్ష తగ్గలేదు, చట్టంలో అక్షరం మారలేదు, అయినా ఫలితం క్రమంగా కరిగిపోయింది.

ఆ లోపాన్ని సరిదిద్దిన చోటు ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్. అక్కడ 1982 డిసెంబరు 17 నుంచి ఏ అనుమానమూ లేకుండానే ఏ బండినైనా ఆపి పరీక్షించే అధికారం పోలీసులకు వచ్చింది. ఆ పరీక్షలను సందుగొందుల్లో మాటు వేసి కాకుండా, పెద్ద రోడ్ల మీద, దూరం నుంచే కనిపించేలా, వేల సంఖ్యలో చేశారు. వరసలో వచ్చిన బండి ఆగుతుంది, డ్రైవరు గొట్టంలోకి ఊదుతాడు, పరిమితి లోపే ఉంటే నిమిషం తిరక్కుండా వెళ్లిపోతాడు. అడిగేవారికీ చెప్పేవారికీ వాదనకు తావుండదు. ఆ రాష్ట్రంలో 1982లో రోడ్డు ప్రమాదాల్లో 1,253 మంది చనిపోగా మరుసటి ఏడాది ఆ సంఖ్య 966కు దిగింది. పరీక్షలు ఏడాదికేడాది ఆగకుండా సాగాయి కాబట్టి ఆ లాభం బ్రిటన్‌లోలాగా ఆవిరైపోలేదు. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం మరొకటి ఉంది. స్నేహితుల మధ్య కూర్చున్నప్పుడు మరో గ్లాసు వద్దనడానికి ఈ తనిఖీ ఒక మర్యాదైన సాకు అయింది. "దారిలో పోలీసులుంటారు" అనే ఒక్క మాటతో ఎవరినీ నొప్పించకుండా తప్పుకునే వీలు కలిగింది. పట్టుబడినవారికంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది ఈ సాకు వల్ల బతికి ఉంటారని నమ్ముతాను.

ఇంత మంచి సాధనాన్ని కూడా పాడుచేసే పద్ధతి ఒకటుంది. అదే స్పెషల్ డ్రైవ్. ఒక వారం పాటు ఎక్కడ చూసినా పోలీసులే కనిపిస్తారు, ఫొటోలు వస్తాయి, పట్టుబడినవారి సంఖ్య ప్రకటిస్తారు, తర్వాత మూడు నెలలు ఎవరూ ఉండరు. ఆ వారం గడిచేదాకా ఓపిక పడితే చాలని డ్రైవర్లు నేర్చుకుంటారు. అప్పుడప్పుడూ హఠాత్తుగా చేసే తనిఖీలకు కొంత ప్రభావం ఉంటుంది, ఆ ప్రభావం తనిఖీ ముగిశాక కొన్నాళ్లు నిలుస్తుంది కూడా. కానీ పండుగ రాత్రికో, సంవత్సరం చివరి రోజుకో పరిమితమైన తనిఖీ జనానికి నేర్పేది నియమాన్ని కాదు, క్యాలెండరును.

వేగం విషయంలో పని కొంత కష్టం, ఎందుకంటే తాగి నడపడాన్ని తప్పుగా చూసే సమాజాలు కూడా వేగాన్ని తప్పుగా చూడవు. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతకమైన ప్రమాదం జరిగే అవకాశం 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ లెక్క తెలిసినవారికి స్పీడ్ కెమెరా మీద కోపం రాకూడదు, కానీ వస్తుంది. ఫ్రాన్స్ కథ ఇందుకు మంచి సాక్ష్యం. 2002 జులై 14న నాటి అధ్యక్షుడు జాక్ షిరాక్ రోడ్డు భద్రతను జాతీయ లక్ష్యంగా ప్రకటించారు, 2003 చివరలో ఆటోమేటిక్ కెమెరాలు మొదలయ్యాయి. 2002లో 7 వేలు దాటిన రోడ్డు మరణాలు 2010 నాటికి 4 వేలకంటే తక్కువకు దిగాయి. వేలాది కుటుంబాలు చెల్లాచెదురు కాకుండా మిగిలాయన్నమాట. ఇంత సాధించిన అదే దేశంలో, 2018 జులై 1న గ్రామీణ రోడ్ల మీద వేగపరిమితిని గంటకు 90 నుంచి 80 కిలోమీటర్లకు తగ్గించిన తర్వాత, ఇంధన పన్నుల పెంపు మీద కోపంతో పసుపు చొక్కాల ఉద్యమం రేగినప్పుడు జనం కెమెరాలను తగలబెట్టారు, రంగు పూశారు, సంచులతో కప్పేశారు. దేశంలోని కెమెరాల్లో దాదాపు 60 శాతం దెబ్బతిన్నాయని 2019 జనవరిలో హోంమంత్రి స్వయంగా చెప్పవలసి వచ్చింది.

కెమెరా అదే, దాన్ని చూసే కళ్లు మారాయి. అది తమ ప్రాణాల కోసం ఉందని నమ్మినంతకాలం ఓర్చుకున్న జనం, తమ జేబు కోసం ఉందని అనుకున్న రోజున దాన్ని శత్రువుగా చూశారు. స్వీడన్‌లో ఈ అనుమానానికి చోటు తక్కువ. అక్కడ కెమెరా ముందు బోర్డు ఉంటుంది, కెమెరాలన్నీ ఎప్పుడూ పనిచేస్తూ ఉండవు, ఎంతమందిని పట్టాలన్నది కాకుండా ఎంతమంది వేగం తగ్గించారన్నదే లక్ష్యం. రోడ్డు మరణాలను సున్నాకు తేవాలన్న విధానాన్ని ఆ దేశ పార్లమెంటు 1997లో ఆమోదించింది. ఆ ఏడాది 541 మంది చనిపోగా 2020లో 204 మంది చనిపోయారు. ఈ తగ్గుదల అంతా పోలీసుల ఘనత కాదు. ఎదురెదురు బండ్లు ఢీకొనకుండా రోడ్డు మధ్యలో ఉక్కు తీగల కంచె వేసిన ఇంజనీర్లకు అందులో పెద్ద వాటా ఉంది. నిజానికి మంచి రోడ్డు, పోలీసు లేని వేళ కూడా నియమాన్ని పాటింపజేస్తుంది.

కెమెరాల్లో ఏది మేలని అడిగితే సగటు వేగాన్ని కొలిచేదానికే నా ఓటు. ఒక్కచోట నిలబెట్టిన కెమెరా దగ్గర డ్రైవరు బ్రేకు వేసి, దాటగానే మళ్లీ యాక్సిలరేటరు తొక్కుతాడు. ఆ హఠాత్తు బ్రేకు వల్ల వెనుక బండికి కొత్త ప్రమాదం పుడుతుంది. రెండు చోట్ల నంబరు ప్లేటును చదివి, మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగించే పద్ధతిలో ఆ ఆట సాగదు, పైగా ఒక్క క్షణం పరధ్యానంగా ఉన్నందుకు కాకుండా కిలోమీటర్ల పొడవునా సాగించిన వేగానికే జరిమానా పడుతుంది. ఇది న్యాయంగా కనిపిస్తుంది, కాబట్టే వివాదాలు తక్కువ.

జరిమానా న్యాయంగా కనిపించడం అనే ప్రశ్నకు ఫిన్లాండ్ ఇచ్చిన జవాబు కూడా గమనించదగ్గది. అక్కడ పెద్ద ఉల్లంఘనలకు జరిమానాను ఆదాయాన్ని బట్టి లెక్కిస్తారు. 2023లో 50 కిలోమీటర్ల పరిమితి ఉన్నచోట 82తో వెళ్లిన ఒక సంపన్న వ్యాపారికి 1,21,000 యూరోల జరిమానా పడింది. ఒకే మొత్తం అందరికీ వేస్తే, కూలికి అది నెల బతుకు, ధనవంతుడికి అది పార్కింగు రుసుము.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన నమూనా అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఫెర్గూసన్. అక్కడి పోలీసు, కోర్టు వ్యవస్థలు ప్రజల భద్రతకంటే నగరపాలక సంస్థ ఆదాయం మీదే దృష్టిపెట్టాయని 2015 మార్చిలో ఆ దేశ న్యాయశాఖ విచారణ నివేదిక తేల్చింది. చిన్న ట్రాఫిక్ ఉల్లంఘనకు వేసిన జరిమానా కట్టలేకపోతే అదనపు రుసుము, వాయిదాకు రాకపోతే వారెంటు, వారెంటు ఉంటే అరెస్టు, ఇలా పేదవారిని ఒక ఉచ్చులోకి లాగిన తీరు ఆ నివేదికలో వివరంగా ఉంది. చలానా సొమ్ము నేరుగా చలానా రాసే విభాగం బడ్జెట్‌కు చేరే ఏర్పాటు ఎక్కడ ఉన్నా, ఆ సేవకు నేను మంచి మార్కులు వేయలేను.

తనిఖీ జరిగే తీరు గురించి ఒక చక్కని ప్రయోగం ఉంది. 2009–2010లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పోలీసులు 60 శ్వాస పరీక్ష తనిఖీలను తీసుకుని, వాటిలో సగం ఎప్పటిలాగా జరిపి, మిగిలిన సగంలో సిబ్బందికి ఒక చిన్న కార్డు ఇచ్చారు. ఆ కార్డు ప్రకారం పోలీసు ముందు పలకరించి, ఇది ఎవరినీ అనుమానించి చేస్తున్నది కాదని, వరసలో వచ్చిన బండ్లను ఆపుతున్నామని చెప్పాలి. ప్రమాదంలో మనిషి పోయాడని ఇంటివాళ్లకు చెప్పడమే తమ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని అని వివరించాలి. ఆ ప్రాంతంలో ఏ సమస్యలున్నాయని అడిగి వినాలి. చివరికి కృతజ్ఞత చెప్పాలి. తనిఖీకి పట్టే సమయం కొన్ని సెకన్ల నుంచి ఒకటిన్నర నిమిషం దాకా పెరిగింది. ఆ డ్రైవర్లకు ఇచ్చిన ప్రశ్నపత్రాల జవాబుల్లో పోలీసుల మీద గౌరవం, సహకరించాలన్న భావన మెరుగ్గా కనిపించాయి. అయితే 2013–14లో స్కాట్లాండ్‌లో ఇదే తరహా ప్రయోగం చేసినప్పుడు మెరుగుదల కనిపించలేదు, కొన్ని అంశాల్లో డ్రైవర్ల సంతృప్తి తగ్గింది కూడా. తమను అడగకుండా పైనుంచి రుద్దిన పనిగా సిబ్బంది భావించడం అందుకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు అభిప్రాయపడ్డారు. తన విభాగంలో తనకు దక్కని మర్యాదను పోలీసు రోడ్డు మీద ఎదుటివారికి పంచలేడన్న మాట నాకు ఎంతో సమంజసంగా తోస్తుంది.

ఇక రెండో విభాగం. రోడ్డు మీది ఉల్లంఘన బహిరంగంగా, తెలిసిన చోట, తెలిసిన వేళల్లో జరుగుతుంది. మత్తుపదార్థం తలుపుల వెనుక చేతులు మారుతుంది; అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ ఇష్టపడే చేస్తున్నారు కాబట్టి ఫిర్యాదు చేసేవారు ఉండరు; ఒక అమ్మకందారు జైలుకు పోతే ఆ మూల మీద నిలబడటానికి మరొకరు సిద్ధంగా ఉంటారు. పట్టుబడే అవకాశాన్ని పెంచడం ఇంత కష్టం కాబట్టి ప్రభుత్వాలు సులువైన దారి పట్టాయి, శిక్షను పెంచాయి. న్యూయార్క్ రాష్ట్రం 1973లో, కొన్ని ఔన్సుల హెరాయిన్‌తో దొరికినా కనీసం 15 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్షపడే చట్టం తెచ్చింది. 1986లో అమెరికా ఫెడరల్ చట్టం 5 గ్రాముల క్రాక్ కొకైన్‌కు, 500 గ్రాముల పొడి కొకైన్‌కు ఒకే కనీస శిక్ష పెట్టింది. ఒకే మందుకు రెండు రూపాలైన వీటి మధ్య వంద రెట్ల తేడా నల్లజాతివారిని ఎక్కువగా జైళ్లకు పంపింది, 2010లో ఆ తేడాను 18 రెట్లకు తగ్గించారు. ఈ కాలంలో జైళ్లు నిండాయి. సరఫరా నిజంగా దెబ్బతింటే వీధిలో ధర పెరగాలి, కానీ 1980ల మొదలుతో పోలిస్తే కొకైన్, హెరాయిన్ ధరలు భారీగా పడిపోయాయి. ఇంతకుమించిన వైఫల్యపు కొలత ఈ సేవకు మరొకటి అక్కర్లేదు. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి సాగిన పోరులో ప్రభుత్వమే ఒప్పుకున్న లెక్కల్లో 6 వేల మందికి పైగా పోలీసు చర్యల్లో చనిపోయారు. దాన్ని చట్టం అమలు అనడానికి నాకు మనసొప్పదు.

పోలీసు ఒత్తిడికి అసలు చోటే లేదా అంటే ఉంది, అది ఒంటరిగా లేనప్పుడు. జ్యూరిక్ నగరంలో ప్లాట్జ్‌స్పిట్జ్ పార్కు 1980ల చివరలో వందలమంది బహిరంగంగా హెరాయిన్ ఎక్కించుకునే చోటుగా మారింది. 1992 ఫిబ్రవరిలో పోలీసులు ఆ పార్కును మూసేశారు. ఆ గుంపు అక్కడికి దగ్గరలోనే వాడకంలో లేని లెటెన్ రైల్వే స్టేషనుకు తరలిపోయింది, కష్టాలన్నీ అక్కడ మళ్లీ మొదలయ్యాయి. 1995లో లెటెన్‌ను మూసేటప్పటికి మాత్రం పరిస్థితి వేరు. ఆశ్రయ కేంద్రాలు, హెరాయిన్‌కు బదులుగా మెథడోన్ అనే మందు ఇచ్చే చికిత్స, 1994లో మొదలైన వైద్యుల పర్యవేక్షణలోని హెరాయిన్ చికిత్స అందుబాటులో ఉన్నాయి. ఇక్కడి నుంచి పొమ్మని చెప్పే పోలీసుకు, ఎక్కడికి పోవాలో చూపించే చోటు కూడా ఉంది. ఆ బహిరంగ గుంపు అదే స్థాయిలో మళ్లీ ఏర్పడలేదు. ఆ చికిత్సను శాశ్వతం చేసే చట్టానికి 2008లో స్విస్ ఓటర్లలో 68 శాతం మంది మద్దతిచ్చారు.

ఈ విభాగంలో పోర్చుగల్, అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం ఇచ్చిన రెండు జవాబులను కలిపి చదవాలి. పోర్చుగల్‌లో 2001 జులై 1 నుంచి, సొంత వాడకానికి పది రోజులకు సరిపడే మోతాదు లోపు మత్తుపదార్థం దగ్గర ఉండటం నేరం కాదు, పాలనాపరమైన ఉల్లంఘన. అమ్మకం మాత్రం నేరంగానే ఉంది. పోలీసు పని అక్కడ ఆగిపోలేదు: సరుకును స్వాధీనం చేసుకుని, ఆ వ్యక్తిని 72 గంటల్లో ఒక స్థానిక కమిషన్ ముందు హాజరు కమ్మని పంపుతాడు. అందులో న్యాయ, వైద్య, సామాజిక రంగాల వారుంటారు. వ్యసనం లేనివారి కేసు తరచుగా అక్కడితో నిలిచిపోతుంది, వ్యసనం ఉన్నవారికి చికిత్స దారి దొరుకుతుంది, అవసరమైతే జరిమానా వంటివి విధించే అధికారం కూడా కమిషన్‌కు ఉంది. సూదులతో మత్తు ఎక్కించుకునేవారిలో ఏడాదికి వెయ్యికి పైగా వచ్చే కొత్త హెచ్ఐవీ కేసులు 2010ల చివరికి వందలోపుకు తగ్గాయి. ఆర్థిక సంక్షోభ కాలంలో, 2012లో, ఆ సేవలను నడిపిన జాతీయ సంస్థను విడగొట్టి నిధులు తగ్గించాక వ్యవస్థ బలహీనపడిందని, పోర్తో వంటి నగరాల్లో బహిరంగ వాడకం మళ్లీ కనిపిస్తోందని అక్కడివారే విమర్శిస్తున్నారు.

ఒరెగాన్ 2020 నవంబరులో ఓటర్ల మద్దతుతో ఇలాంటి దారే పట్టింది. 2021 ఫిబ్రవరి 1 నుంచి స్వల్ప మోతాదుతో దొరికినవారికి పోలీసులు, ట్రాఫిక్ చలానా లాంటి 100 డాలర్ల టికెట్టు రాసిచ్చారు. ఒక హెల్ప్‌లైనుకు ఫోను చేసి ఆరోగ్య పరీక్షకు ఒప్పుకుంటే ఆ జరిమానా రద్దవుతుంది. ఫోను చేసినవారు అతి కొద్దిమంది. చాలామంది ఆ టికెట్టును పట్టించుకోనేలేదు, పట్టించుకోకపోతే ఏమీ జరగలేదు కూడా. చికిత్స కేంద్రాలకు చేరాల్సిన నిధులు ఏడాదికి పైగా ఆలస్యమయ్యాయి. అదే కాలంలో ఫెంటానిల్ అనే అతి శక్తివంతమైన కృత్రిమ మత్తుమందు పశ్చిమ తీరాన్ని ముంచెత్తింది, కాబట్టి పెరిగిన మరణాల్లో ఈ విధానం వాటా ఎంతన్నది నిపుణుల మధ్య తేలని వాదనగానే ఉంది. చివరికి 2024 సెప్టెంబరు 1 నుంచి అక్కడ స్వల్ప మోతాదు మళ్లీ నేరమైంది. చాలామంది దీన్ని కరుణకు ఎదురైన ఓటమిగా చెబుతారు. నేను అలా చూడను. ట్రాఫిక్ నియమాల దగ్గర పనికొచ్చే చలానా కాగితాన్ని తెచ్చుకున్నారు గాని, దాన్ని పనికొచ్చేలా చేసే కొనసాగింపును తెచ్చుకోలేదు. పోర్చుగల్‌లో పోలీసు రాసిన కాగితం మూడు రోజుల్లో ఒక మనిషి ఎదుట కూర్చోబెడుతుంది, ఒరెగాన్‌లో అది చెత్తబుట్ట దాకా తీసుకెళ్లింది.

కొనసాగింపు ఎంత దగ్గరగా ఉండాలో అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రం 2005లో మొదలుపెట్టిన కార్యక్రమం చూపిస్తుంది. తాగి నడిపి పదేపదే పట్టుబడినవారు రోజూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పోలీసు కార్యాలయానికి వచ్చి గొట్టంలోకి ఊదాలి. శుభ్రంగా ఉంటే ఉద్యోగానికి పోవచ్చు, పిల్లల దగ్గరకు పోవచ్చు, బండి నడుపుకోవచ్చు. తాగినట్టు తేలితే అక్కడికక్కడే లోపల వేస్తారు, ఒకటి రెండు రోజులు మాత్రమే. చేసిన పరీక్షల్లో 99 శాతానికి పైగా శుభ్రంగా వచ్చాయి. 2013లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఈ కార్యక్రమం నడిచిన కౌంటీల్లో తాగి నడిపి మళ్లీ పట్టుబడేవారి అరెస్టులు 12 శాతం, గృహహింస అరెస్టులు 9 శాతం తగ్గాయి. రోడ్డు కోసం మొదలైన తనిఖీ ఇంట్లో ఆడవాళ్లకు కూడా రక్షణ అయిందన్న ఈ రెండో అంకె నన్ను కదిలించింది. ఇదే సూత్రాన్ని హవాయిలో 2004లో మత్తుపదార్థాల కేసుల్లో ప్రొబేషన్‌పై, అంటే జైలుకు బదులు షరతులతో బయట ఉన్నవారికి వర్తింపజేస్తే మొదటి ఫలితాలు గొప్పగా వచ్చాయి. మరో నాలుగు రాష్ట్రాల్లో జాగ్రత్తగా పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం మామూలు పద్ధతికీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఖాయమైన తనిఖీ అనేది యంత్రం కాదు, ఒకచోట దాన్ని శ్రద్ధగా నడిపిన న్యాయమూర్తి, సిబ్బంది మరోచోట ఉండకపోవచ్చు.

ఉత్తర కరోలినాలోని హై పాయింట్ పట్టణంలో 2004లో జరిగింది ఇంకా అరుదైనది. ఒక పేటలో బహిరంగంగా మత్తుపదార్థాలు అమ్మేవారిని పోలీసులు నెలల తరబడి గమనించి, ఆధారాలు సేకరించారు. హింసకు పాల్పడిన కొందరిని అరెస్టు చేశారు. మిగిలినవారిని కుటుంబాలతో సహా ఒక సమావేశానికి పిలిచి, వాళ్లు అమ్ముతుండగా తీసిన వీడియోలను, సిద్ధంగా ఉన్న కేసు కాగితాలను ముందు పెట్టారు. ఆ పేట పెద్దలు, తల్లులు ఇక చాలించమని అడిగారు. ఈ రోజుతో ఆపితే ఈ కేసులు కదలవు, ఉద్యోగానికి సాయం చేస్తాం, ఆపకపోతే రేపే అరెస్టు అని చెప్పారు. ఆ బహిరంగ సంత మూతపడింది. ఇతర పట్టణాల్లో ఈ పద్ధతికి ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి, అయినా వందలమందిని జైలుకు పంపకుండా ఒక వీధిని తిరిగి పిల్లలకు అప్పగించిన ఈ ప్రయత్నానికి ఈ సమీక్షలో పెద్ద మార్కులే దక్కాలి.

రెండు విభాగాలూ కలిసే చోటు రోడ్డు పక్కన ఆగిన బండి కిటికీ. అక్కడే నా అభ్యంతరాలు ఎక్కువ. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2004 డిసెంబరులో లాలాజలంతో మత్తుపదార్థాల పరీక్షను రోడ్డు మీద మొదలుపెట్టింది. బ్రిటన్‌లోని ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 మార్చిలో రక్తంలో ఒక్కో పదార్థానికి పరిమితి పెట్టారు, గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీకి అది లీటరుకు 2 మైక్రోగ్రాములు. ఉద్దేశం మంచిదే. కానీ ఆల్కహాలు విషయంలో రక్తంలోని మోతాదుకూ బండి నడిపే సామర్థ్యానికీ స్పష్టమైన సంబంధం ఉంది, టీహెచ్‌సీ విషయంలో ఆ సంబంధం చాలా బలహీనం. తరచుగా వాడేవారి రక్తంలో అది మత్తు దిగిపోయిన తర్వాత కూడా నిలిచి ఉంటుంది. అంటే ఈ పరీక్ష ఇప్పుడు నడపగలడా అన్న ప్రశ్నకు బదులు ఎప్పుడైనా వాడాడా అన్న ప్రశ్నకు జవాబిచ్చే ప్రమాదం ఉంది. రోడ్డు భద్రత పేరుతో మత్తుపదార్థాల చట్టాన్ని అమలుచేయడం మొదలైతే, శ్వాస పరీక్ష దశాబ్దాలుగా సంపాదించుకున్న నమ్మకానికి గండి పడుతుంది.

బండిలో దొరికిన పొడిని అక్కడికక్కడే పరీక్షించే రంగుల కిట్లు ఇంకా అధ్వానం. కొకైన్ తగిలితే కిట్‌లోని కోబాల్ట్ థయోసయనేట్ అనే రసాయనం నీలంగా మారుతుంది, అయితే మరెన్నో మామూలు పదార్థాలు తగిలినా అలాగే మారుతుంది. టెక్సస్‌లోని హారిస్ కౌంటీలో ఈ రంగును చూసి అరెస్టయి, జైల్లో నెలలు మగ్గడం ఇష్టంలేక నేరం ఒప్పుకున్నవారిలో పలువురి సరుకు, తర్వాత ప్రయోగశాలలో పరీక్షిస్తే మత్తుపదార్థమే కాదని తేలింది. హ్యూస్టన్ పోలీసులు 2017లో ఆ కిట్ల వాడకాన్ని ఆపేశారు. ప్రయోగశాల నివేదిక రాకముందే నేరాంగీకారం తీసుకునే ఏ వ్యవస్థా ఈ సాధనాన్ని చేతపట్టే అర్హత లేనిది.

అసలు బండిని ఆపిన కారణమే అబద్ధమైతే మిగిలిన మర్యాదలన్నీ వృథా. వెనుక లైటు పగిలిందనో, స్టిక్కరు గడువు ముగిసిందనో ఆపి, మనసులో మాత్రం మత్తుపదార్థాల కోసం సోదా చేయాలనుకోవడాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1996లో తప్పు కాదంది. దాదాపు 10 కోట్ల ట్రాఫిక్ తనిఖీల రికార్డులను పరిశీలించి స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, నల్లజాతి డ్రైవర్లను తక్కువ ఆధారంతోనే సోదా చేస్తున్నారని, చీకటి పడి డ్రైవరు ముఖం కనిపించని వేళ ఆపినవారిలో వారి వాటా తగ్గుతోందని తేలింది. ఉత్తర కరోలినాలోని ఫయెట్‌విల్ నగరంలో 2013 నుంచి 2016 వరకు పోలీసులు దీనికి ఎదురుదారి పట్టారు. లైట్లు, స్టిక్కర్ల కోసం ఆపడం బాగా తగ్గించి, వేగం, సిగ్నల్ జంపింగు, తాగి నడపడం వంటి ప్రాణాల మీదికి తెచ్చే ఉల్లంఘనల కోసమే ఆపడం పెంచారు. పోలికకు తీసుకున్న నగరాలకంటే అక్కడ రోడ్డు మరణాలు, గాయాలు తగ్గాయి, ఆపినవారిలో జాతిపరమైన తేడా తగ్గింది, ఇతర నేరాలు మాత్రం పెరగలేదు. ఆ నగరం గురించి ఇంత స్పష్టంగా మాట్లాడగలుగుతున్నామంటే కారణం, ఆ రాష్ట్రంలో బండిని ఎందుకు ఆపారు, సోదా చేశారా, ఏమైనా దొరికిందా అన్న వివరాలను ప్రతి తనిఖీకీ నమోదు చేసి బయటపెట్టే చట్టం ఉండటమే. ఆ మూడు గడులున్న పట్టిక ప్రతి పోలీసు స్టేషను ముందు వేలాడదీస్తే, ఏ ఊరివాళ్లు ఆ ఊరి సేవను తామే సమీక్షించుకోగలరు.